ఆదోని చరిత్రరచన – విమర్శదృష్టి

విశ్వవిద్యాలయ విద్యార్థులు వ్రాయు వ్యాసములందు ఆధారముల సేకరణ కానవచ్చును గాని, వాని పరీక్ష అరుదు. ఆదోని, ఎమ్మిగనూరుల చరిత్రనుండి రెండు నిదర్శనములు చూపుదుము.

బీదరు ప్రభువగు భీమసింహుని కాలమున, క్రీ. పూ. 1200 ప్రాంతమున, చంద్రసేనుడు ఆదోనిని నిర్మించెనని యొక గాథ గలదు. జిల్లాలోని ఎఱ్ఱగుడి, రాజుల మందగిరి అశోకశాసనములు క్రీ. పూ. 3వ శతాబ్దివి. గాథ చెప్పు కాలము వానికి సుమారు వేయేండ్లు ముందుది. దానికి సమకాలిక లిఖితసాక్ష్యము లేదు. కావున గాథను గాథగానే పేర్కొనవలెను.

1938లో మాచాని సోమప్పగారు ఎమ్మిగనూరున చేనేత సహకార సంఘమును నెలకొల్పిరి. అది కర్నూలు జిల్లాలో జరిగినదని వ్రాసిన పొరపాటగును. ఆ యూరు నాడు బళ్లారి జిల్లా ఆదోని తాలూకాలోనిది. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్ర మేర్పడినపుడు ఆ తాలూకా కర్నూలున చేరెను. అంతకు పూర్వము, 1800లో నిజాము ఆదోనిని కంపెనీకి విడువగా, కర్నూలు 1839 వఱకు నవాబుల యేలుబడిలో నుండెను. ఈ సంగతి యెఱుగని విద్యార్థి పాతకాగితములను కర్నూలు దస్తరములందే వెదకి, ఆధారములు లేవని తీర్మానించును. అవి బళ్లారి దస్తరములలో వెదకవలసినవి.

ఈ మాట నెవరు, ఎప్పుడు, ఏ యేలుబడిలో నుండి వ్రాసిరని యడిగిన పిదపనే కలము పట్టు నలవాటు మా విద్యార్థుల కలవడవలెనని మా యాశయము.