పత్తి, వేరుశనగ కొనే మిల్లులను వెతకడానికి పరిశ్రమ కోడ్లు

ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంత రైతులు పత్తి, వేరుశనగ అమ్మకానికి ఎక్కువగా ఆదోని మార్కెట్ యార్డు మీద, ఊరికి వచ్చే వ్యాపారుల మీద ఆధారపడతారు. యార్డు బయట అమ్మినప్పుడు రెండు ప్రశ్నలు వస్తాయి. మన దగ్గరలో ఇంకా ఎవరు కొంటారు? వచ్చిన వ్యాపారి నిజంగా చెప్పిన వ్యాపారమే చేస్తున్నాడా? ఈ రెండింటికీ ప్రభుత్వ రికార్డుల్లోని పరిశ్రమ కోడ్లు కొంతవరకు జవాబిస్తాయి.

పరిశ్రమ కోడ్ అంటే ఏమిటి?

దేశంలోని ప్రతి రకం వ్యాపారానికి కేంద్ర గణాంక శాఖ ఒక నంబరు ఇచ్చింది. దీన్ని ఎన్‌ఐసీ కోడ్ అంటారు. ఉద్యమ్ రిజిస్ట్రేషన్‌లో వాడుతున్నది 2008 నాటి జాబితా. పూర్తి కోడ్‌లో 5 అంకెలు ఉంటాయి. మొదటి 2 అంకెలు పెద్ద విభాగాన్ని, మిగతావి అందులోని పనిని తెలుపుతాయి. ఉదాహరణకు 01 అంటే వ్యవసాయం, 0163 అంటే కోత తర్వాతి పనులు, 01632 అంటే పత్తి జిన్నింగ్, బేళ్లు కట్టడం.

జిన్నింగ్ మిల్లు ఫ్యాక్టరీలాగే కనిపించినా ఈ జాబితాలో వ్యవసాయ విభాగంలోనే ఉంది. తయారీ పరిశ్రమల్లో మాత్రమే వెతికితే దొరకకపోవచ్చు.

మనకు పనికొచ్చే కోడ్లు

• 01632 – పత్తి జిన్నింగ్, బేళ్లు కట్టడం
• 1040 – నూనె మిల్లులు
• 1311 – నూలు మిల్లులు
• 1312 – బట్ట నేత
• 4610 – కమీషన్ ఏజెంట్లు
• 4620 – వ్యవసాయ ముడి సరుకుల టోకు వ్యాపారం
• 5210 – గోదాములు, కోల్డ్ స్టోరేజీలు

ఎవరికి ఏ సరుకు కావాలో గుర్తుంచుకోవాలి. రైతు దగ్గర గింజతో ఉన్న పత్తి కొనేది జిన్నింగ్ మిల్లు. నూలు మిల్లుకు కావాల్సింది గింజ తీసిన దూది. నేతకు కావాల్సింది నూలు. ఎమ్మిగనూరు చేనేతకు పేరున్న ఊరు. మాచాని సోమప్ప ఆధ్వర్యంలో 1938లోనే అక్కడ చేనేత సహకార సంఘం ఏర్పడింది. కాబట్టి 1312 కోడ్‌తో అక్కడ పేర్లు కనిపించినా వారు మన పత్తి కొనేవారు కాదు.

పేర్లు ఎలా వెతకాలి?

1. ఉద్యమ్‌లో నమోదైన సంస్థల జాబితాలు కేంద్ర ప్రభుత్వ ఓపెన్ డేటా వెబ్‌సైట్‌లో ఉంటాయి. సంస్థ పేరు, జిల్లా, పిన్‌కోడ్, ఎన్‌ఐసీ కోడ్ అందులో కనిపిస్తాయి.
2. జిల్లా కర్నూలు అని ఎంచుకుని, ఆదోనికి 518301, ఎమ్మిగనూరుకు 518360 పిన్‌కోడ్‌తో వడపోయాలి. చుట్టుపక్కల మండలాల పిన్‌కోడ్లు కూడా చూడాలి.
3. తర్వాత పై కోడ్లలో మీ సరుకుకు సరిపోయేది వెతకాలి. రాయచూరు, బళ్లారి జిల్లాలకూ ఇలాగే చేయవచ్చు.

ఉద్యమ్ నమోదు తప్పనిసరి కాదు. అందుకే జాబితాలో లేని మిల్లులూ ఉంటాయి.

వ్యాపారిని ఎలా సరిచూడాలి?

జీఎస్టీ నంబరు: జీఎస్టీ పోర్టల్‌లో లాగిన్ లేకుండానే 15 అక్షరాల నంబరు కొట్టి చూడవచ్చు. మొదటి 2 అంకెలు రాష్ట్రానివి. ఆంధ్రప్రదేశ్‌కు 37, తెలంగాణకు 36, కర్ణాటకకు 29. పేరు, రిజిస్ట్రేషన్ అమలులో ఉందా రద్దయిందా, చేసే వ్యాపారం ఏమిటి అనేవి చూడాలి. మిల్లు మాదే అని చెప్పిన వ్యక్తి రికార్డులో టోకు వ్యాపారం మాత్రమే ఉంటే, అతను మధ్యవర్తి అయి ఉండవచ్చు. అది తప్పు కాదు. కానీ డబ్బు ఎవరు ఇస్తారో ముందే తేల్చుకోవాలి.

సరుకు కోడ్: జీఎస్టీలో సరుకులకు వేరే కోడ్లు ఉంటాయి. పత్తికి 5201, వేరుశనగకు 1202, పత్తి గింజలకు 1207. వీటిని ఎన్‌ఐసీ కోడ్లతో కలపకూడదు.

కంపెనీ నంబరు: కంపెనీ అయితే బిల్లు మీద 21 అక్షరాల సీఐఎన్ నంబరు ఉండాలి. అందులో మొదటి అక్షరం తర్వాతి 5 అంకెలు పరిశ్రమ కోడ్, ఆపై రాష్ట్రం, స్థాపించిన సంవత్సరం ఉంటాయి. పాత కంపెనీలకు పాత జాబితా కోడ్లే కొనసాగుతాయి. 2004 జాబితాలో 17 అంటే వస్త్ర పరిశ్రమ, 2008 జాబితాలో 17 అంటే కాగితం పరిశ్రమ. కాబట్టి సంవత్సరం చూసి అర్థం చేసుకోవాలి.

రైతు ఉత్పత్తిదారుల సంఘాలకు

సంఘం నూనె గానుగ లేదా గోదాము పెడుతుంటే ఉద్యమ్ నమోదులో ఆ పనికి తగిన కోడ్ ఎంచుకోవాలి. ఒకటి కంటే ఎక్కువ కోడ్లు ఇవ్వవచ్చు. బ్యాంకుకు ఇచ్చే ప్రాజెక్టు రిపోర్టులో రాసిన పని, ఈ కోడ్ ఒకటిగా ఉండాలి. ఉద్యమ్ నమోదు పూర్తిగా ఉచితం. రుసుము అడిగే ప్రైవేటు వెబ్‌సైట్లను నమ్మవద్దు.

జాగ్రత్తలు

కోడ్ అనేది వ్యాపారి తన గురించి తాను రాసుకున్నది. అతను సకాలంలో డబ్బు ఇస్తాడని అది హామీ ఇవ్వదు. కాబట్టి:

• మొదటిసారి కొనే వ్యాపారికి పంట మొత్తం ఒకేసారి ఇవ్వవద్దు.
• కాటా చీటీ, సంతకంతో ఉన్న బిల్లు తీసుకోండి. క్వింటాళ్లు, ధర, తేదీ అందులో ఉండాలి.
• బిల్లు మీది పేరు, డబ్బు వేసే ఖాతా పేరు, జీఎస్టీ రికార్డులోని పేరు ఒకటేనా చూడండి.
• అదే మిల్లుకు అమ్మిన ఇతర రైతులను విచారించండి.
• ధర మాట్లాడే ముందు ఆ రోజు ఆదోని యార్డు ధర తెలుసుకోండి.

ఫోన్‌లో ఈ వివరాలు చూడటం కష్టమైతే, సరుకు లారీకి ఎక్కించకముందే వ్యాపారి జీఎస్టీ నంబరు రాసుకుని మీ రైతు సేవా కేంద్రంలోని సిబ్బంది సాయం అడగండి.