ఒరలో దాచిన కత్తి, చేతిలో అరిగిన కత్తి

ఉగాదినాడు మన ఇళ్ళలో అందరికంటే ముందు పని తగిలేది కత్తికే. మామిడికాయ తరగాలి, చెరకుముక్క కొట్టాలి, కొబ్బరి ముక్కలు చేయాలి. ఆ తరువాతనే పచ్చడి. పూర్వులు ఊరు విడిచి వచ్చిన మన కుటుంబాలలో కొన్నింట రెండు రకాల కత్తులు కనిపిస్తాయి. ఒకటి వంటయింటిలో నిత్యమూ అరిగే కత్తిపీట. రెండవది తాతలనాటిదని చెప్పి పాతగుడ్డలో చుట్టి పెట్టె అడుగున దాచిన బాకు. మొదటిదానికి పని వున్నది కాని గౌరవం లేదు. రెండవదానికి గౌరవం వున్నది కాని పని లేదు. ఈ రెండింటిలో ఏది ఎక్కువకాలం నిలుస్తుందన్న ప్రశ్నకు చరిత్రలో జవాబు వెదకాలని మా చిన్న ప్రయత్నం.

ముందుగా తంజావూరు సంగతి చెప్పుకోవాలి. అది మన తెలుగువారికి పరాయి ఊరు కాదు. పదునారవ శతాబ్దంలో సేవప్ప నాయకునితో మొదలై, అచ్యుతప్ప, రఘునాథ, విజయరాఘవ నాయకుల వరకు అక్కడ ఏలినది తెలుగు ప్రభువులే. రఘునాథ నాయకుని సభను సాహిత్యానికీ సంగీతానికీ తలచుకుంటాము. ఆ సభ గోడల వెనుక కమ్మరి కొలుములు కూడ మండుతూ వుండేవన్న మాట అంతగా తలచుకోము.

దక్షిణదేశపు కఠారి తక్కిన కత్తుల వంటిది కాదు. దాని పిడి రెండు ఊచల నడుమ అడ్డంగా వుంటుంది. పిడికిలి బిగించి పట్టుకుంటే కత్తి చేతికి తిన్నగా ముందుకు నిలుస్తుంది; పొడిచేటప్పుడు భుజబలమంతా మొనలోకి దిగుతుంది. చేతిని కాపాడటానికి తెరచాప వలె వంగిన రేకు ఒకటి పిడిమీద అమర్చేవారు. దానిమీద యాళి ముఖాలూ, లతలూ తొలిచేవారు. కొన్ని కఠారులకు ఐరోపానుండి ఓడలలో వచ్చిన కత్తుల అలుగులను కోసి, రివెట్లతో అతికినారు. పరదేశపు ఉక్కు, స్వదేశపు పిడి! బాగున్న వస్తువును ఎక్కడిదైనా చేతికి అనువుగా మలచుకోవటం వాడేవాని లక్షణం. దాచుకునేవానికి ఆ అవసరం రాదు.

1673లో విజయరాఘవుడు మధుర నాయకుల సేనతో పోరాడి మరణించాడు. కొద్ది ఏండ్లకే తంజావూరు మహారాష్ట్ర ప్రభువుల పాలైంది. రాజ్యంతోపాటు ఆయుధాగారమూ చేతులు మారింది. తరువాత 1799లో సర్ఫోజీ మహారాజు ఇంగ్లీషు కుంఫిణీతో చేసుకున్న సంధివల్ల దేశపాలన కుంఫిణీకి పోయి, రాజుకు అధికారం కోటవరకే మిగిలింది. ఇక యుద్ధం లేదు, సేన లేదు. ఆయుధాగారంలోని వేలకొలది కత్తులకు పని పోయింది. వాటిని ఎవరూ దోచుకోలేదు, ఎవరూ విరగగొట్టలేదు. అవి అట్లా వుండిపోయినవి, అంతే.

1855లో శివాజీ మహారాజు మగసంతానం లేక మరణించగా కుంఫిణీవారు సంస్థానాన్ని కలుపుకున్నారు. 1860లలో ఆ ఆయుధాగారాన్ని చెదరగొట్టినారు. ఏరిన కొన్ని ఆయుధాలు చెన్నపట్నపు మ్యూజియానికి చేరినవి. మిగిలినవాటిలో అధికభాగాన్ని ముక్కలు చేసి పాతఇనుము క్రింద అమ్మివేశారు. మద్రాసు రాజధానిలో ఉద్యోగం చేసిన వాల్‌హౌస్ అనే దొర 1878లో ఇండియన్ ఆంటిక్వెరీ పత్రికలో ఈ ఆయుధాగారాన్ని గూర్చి ఒక వ్యాసం ప్రకటించాడు. దానిని గూర్చి మనకు తెలిసినదానిలో కొంత ఆ వ్యాసంవల్ల తెలిసినదే. దాచినంతమాత్రాన వస్తువు దక్కదనటానికి ఇంతకంటె తార్కాణం అక్కరలేదు. దాచినవారు పోయిన తరువాత వచ్చినవానికి అది ఇంత బరువుగల ఇనుముగానే కనిపించింది.

ఐతే న్యాయం తప్పకుండా రెండవవైపు కూడ చెప్పాలి. ఆనాడు ఏరి పెట్టినవారు లేకపోతే ఈనాడు మనకు ఆ మాత్రమూ మిగలదు. చెన్నపట్నంలో ఎగ్మూరు మ్యూజియానికి వెళ్ళినవారు తంజావూరు ఆయుధాలను చూడవచ్చును. న్యూయార్కు నగరంలోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో కూడ తంజావూరు కఠారులున్నవి. జార్జి కామెరాన్ స్టోన్ అనే ఆయన తన జీవితమంతా ఆయుధాలు సేకరించి, 1935లో మరణిస్తూ ఆ సేకరణను ఆ మ్యూజియానికి వ్రాసియిచ్చాడు. ఆయన ఊరికే దాచుకొని కూర్చోలేదు. మరణానికి ముందటి ఏడు, అంటే 1934లో, దేశదేశాల ఆయుధాలకు ఒక నిఘంటువు వంటి గ్రంథం ప్రకటించాడు. సేకరించినవాడు సేకరించినదానిని గూర్చి చెప్పిపోతే అది విద్య అవుతుంది. చెప్పకపోతే మూట అవుతుంది.

కాని మ్యూజియం అద్దాల వెనుక కత్తి నిలుస్తుందేగాని, కత్తిచేసే విద్య నిలవదు. దీనికి మన తెలంగాణమే సాక్షి. నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రం ఒకప్పుడు ఉక్కుకు పేరుపడిన గ్రామం. అక్కడి ఉక్కుముద్దలకోసం పారశీక వర్తకులు వచ్చేవారు. వాయిసీ అనే దొర అక్కడి పనితీరును చూచి వ్రాసిన విషయాలు ఆయన మరణానంతరం 1832లో అచ్చైనవి. ఇనుమును మూసలలో మూసి కరగించి చేసే ఈ ఉక్కుతో కొట్టిన కత్తిమీద నీటి అలలవంటి చారలు తేలేవి. ఐరోపావారు దీనికి పెట్టిన ఊట్జ్ అన్న పేరు మన తెలుగు కన్నడములలోని ఉక్కు మాటనుండే వచ్చినదని పలువురు పండితుల అభిప్రాయం. తుపాకులు వచ్చి కత్తి వాడకం తగ్గింది. సీమఉక్కు చవుకగా వచ్చిపడింది. కొనేవారు లేక కొలుములు ఆరిపోయినవి. ఆ ఉక్కుకత్తులు ప్రపంచంలోని మ్యూజియాలలో ఈనాటికీ మెరుస్తూనే వున్నవి. కాని అవి కమ్మరికి ఒకపూట అన్నం పెట్టలేదు. కమ్మరిని బ్రతికించేది పదును పోయిందని మళ్ళీ వచ్చే బేరమే.

ఈ రెంటికీ నడుమ మూడవదారి ఒకటి కర్ణాటకంలో మన కళ్ళముందే వున్నది. కొడగుసీమ కొడవలు పండుగలకూ పెండ్లిండ్లకూ నడుముముందు వెండి తొడుగుగల పీచెకత్తి ధరిస్తారు. వెడల్పుగా వంగిన ఒడికత్తిని వీపువైపు ఇత్తడి పట్టీలో దోపుకునే ఆచారం వున్నది. సెప్టెంబరు మొదట్లో, వరినాట్లు ముగిసిన వేళ, కైల్‌పోదు అనే ఆయుధపూజ చేస్తారు. నాట్లకాలంలో ఆయుధాలకు విశ్రాంతి. ఆనాడు వాటిని శుభ్రంచేసి, పూలతో అలంకరించి, పూజించి, మళ్ళీ చేతికి తీసుకుంటారు. పంటను అడవిమృగాలనుండి కాచుకోవాలి గనుక పూర్వం ఆ పూజతో నిజమైన పని మొదలయ్యేది. పెండ్లిలో అరటిబోదెలను కత్తితో నరికే ముచ్చట కూడ వారికి వున్నది. యుద్ధం పోయినా కత్తికి ఏటా ఒక పని మిగుల్చుకున్నారు. దేశమంతటా ఆయుధాలకు లైసెన్సు పెట్టిన 1878 చట్టంనుండి కూడ కొడగువారికి మినహాయింపు దొరికింది. తుపాకుల విషయంలో ఆ మినహాయింపును 2019లో మన కేంద్రప్రభుత్వం 2029 వరకు పొడిగించింది.

చట్టం మాట వచ్చింది గనుక ఇంకొకటి. 1959 ఆయుధచట్టం క్రింద 1962లో చేసిన నిబంధనలు తొమ్మిది అంగుళాలకు మించిన పొడవో, రెండంగుళాలకు మించిన వెడల్పో గల కత్తిని ఆయుధాల పట్టికలో చేర్చినవి. ఐతే ఇంటిపనికీ వ్యవసాయానికీ చేసిన కత్తులను ఆ లెక్కలోనుండి తీసివేసినవి. అలుగు కొలతతోపాటు అది ఏ పనికని చేసినదో కూడ చట్టం అడిగింది!

ఇక మన పెట్టెలోని బాకు సంగతి. దానిని నడుమున దోపుకొని వీధిలోకి వెళ్ళండని మేము చెప్పబోవటం లేదు. కాని తోలు ఒరలో వుంచి మరచిపోతే తోలు చెమ్మను పట్టి అలుగును తినివేస్తుంది. కాబట్టి ఒరను వేరుగా వుంచండి. అలుగుకు పలుచగా నూనె రాయండి. ఇసుకకాగితంతో గట్టిగా రుద్దకండి. పాత ఉక్కుమీది చారలు ఆ రుద్దుడుతోనే పోతాయి. దసరాకు ఒకసారి బయటికి తీసి, పిల్లల ముందు పెట్టి, ఇది ఎవరిది, ఏ ఊరినుండి వచ్చింది, దేనికి వాడినారు అన్న మూడు మాటలు చెప్పండి. చెప్పినది ఒక కాగితంమీద వ్రాసి కత్తితో వుంచండి. తంజావూరు కత్తులకు కరవైనది నూనె ఒక్కటే కాదు, తమ కథ చెప్పే మనిషి కూడ.

ఇక అడకత్తెరకూ, కత్తిపీటకూ మా సలహా వేరు. వాటిని దాచకండి, వాడండి. అమ్మమ్మ కత్తిపీట అరిగి అరిగి సన్నబడితే విచారించవద్దు. ఆ అరిగిన ఉక్కంతా మూడుతరాల భోజనంలో వున్నది. సానబట్టించండి, పిడి వదులైతే బిగించండి, కోడలికీ కొడుక్కూ కూర్చుని తరగటం నేర్పండి.

ఊరుగాని ఊళ్ళో తరాలుగా వుంటున్న మనకు ఇట్లా దాచుకున్నవీ వాడుకునేవీ కత్తులొక్కటే కావు. పెట్టెలోని తాతగారి తెలుగు పుస్తకమూ వున్నది, వంటయింట్లో రోజూ పలికే నాలుగు తెలుగు ముక్కలూ వున్నవి. చుట్టుపక్కల కన్నడమో, తమిళమో, ఒరియానో, మరాఠీయో కలిసి ఆ ముక్కలు అరిగి వుండవచ్చు. అరిగినా పదును వున్నది. ఈ ఉగాదినాడు మామిడికాయ తరుగుతూ వాటినే పిల్లలచేత పలికించండి.