చదువుకొన్న యిల్లును కన్నవారి యిల్లును

సంక్రాంతి దగ్గఱపడెననగా కోనసీమలో ప్రతి యింటి యరుగును ఎవరో యొకరి రాకకై యెదురుచూచుచుండును. కనుమనాడు మొసలపల్లి చెంతనున్న జగ్గన్నతోటలో పదునొకండు గ్రామముల రుద్రులు ప్రభలపై వచ్చి కలిసికొందురు. గంగలకుర్రు ప్రభలు ఎగువ కౌశికలో దిగి, మోయువారి భుజములపై నూగుచు నీరు దాటి రావలయును. ఆ ప్రభల క్రింద భుజము లొగ్గిన పడుచువాండ్రలో పలువురు మొన్నటిదాక దూరపు పట్టణముల కళాశాలలలో పరీక్షలు వ్రాయుచుండినవారే. దేవుళ్లే యేడాది కొకమాఱు చుట్టములను జూడ వచ్చుచుండగా బిడ్డలు రాకుందురా?

బిడ్డ తన యింటికి తానే చుట్టమై వచ్చు నీ వాడుక ఎంత ప్రాతది? పూర్వమును విద్యార్థి యిల్లు విడిచెడివాడు. కాని యొక యిల్లు విడిచి మఱియొక యింట జేరెడివాడు. అగ్రహారములలో వేదము చెప్పుకొన్న బాలుడు గురువుగారి యింటనే భుజించి, ఆ యింటి పనిపాటలు చేయుచు, గురుపత్నిని తల్లివలె నెంచి పెరిగెను. పాడ్యమి, అష్టమి, చతుర్దశి, పూర్ణిమ, అమావాస్యలు అనధ్యయన దినములు. చదువునకును సంసారమునకును పంచాంగ మొక్కటే. అయితే ఆ గడప యే కులములవారికి, ఏ పిల్లలకు తెఱచియుండెనో మఱచి గురుకులమును బొగడుట సులభము. మగ్గపు గుంటలో గూర్చున్నవాని కొడుకునకు గాని, గురువుగారి సొంత కూతునకు గాని ఆ పొగడ్తతో బనిలేదు.

దొరతనమువారి చదువు వచ్చినపిదప పంచాంగములు రెండైనవి. 1853లో రాజమహేంద్రవరమున పాఠశాలగా వెలసినది తరువాత కళాశాలయయ్యెను. అష్టమికి బదులు ఆదివారము సెలవు. పల్లెనుండి పోయిన బాలునకు పాఠము దొరకెను గాని అన్నము దొరకలేదు. అప్పుడు మన గృహిణులు వారములను ఏర్పఱచి యా లోటు పూడ్చిరి. సోమవార మొక యింట, మంగళవార మొక యింట భోజనము. ఏ యింట పులుసు చిక్కనిదో, ఏ యిల్లాలు అడుగకయే మాఱు వడ్డించునో, వారములు చేసికొని చదివినవారు ముసలితనమునను మఱువలేదు. అందు సిగ్గును గలదు, ఆదరమును గలదు. అదియు కులపు గీటు దాటని యాదరమే.

ఆ గీటును దాటినది 1881 డిసెంబరు 11వ తేదీ. వీరేశలింగము పంతులుగారు రాజమహేంద్రవరమున తొలి వితంతు వివాహమును జరిపించిన రాత్రి అది. విద్యార్థులు పంతులుగారి పక్షమున నిలిచిరి. ఊరివారు వెలివేయుదుమనిరి. విందునకు బోయినవారికి ప్రాయశ్చిత్తము విధింపబడెను. తరగతిలో నేర్చిన స్నేహధర్మ మొకవైపు, ఇంటివారి కన్నీరొకవైపు లాగగా ఆ బాలురు పడిన వేదన మనము తేలికగా దలపరాదు. కళాశాల మన బిడ్డలను మననుండి వేఱుచేసినదన్న నింద నాడే పుట్టియుండును. ఆ నింద కొంత నిజమే. ఆ వేఱుపాటు లేనిదే ఆ వివాహమును జరిగియుండదు. ఇంకొక సంగతి. వంటవారును నీళ్లు మోయువారును రాకపోగా రాజ్యలక్ష్మమ్మగారు తామే గోదావరినుండి నీళ్లు తెచ్చి వంటచేసిరి. సంస్కారపు పండుగకును వంట ఆడుదానిదే యైనది.

కోనసీమ బాలునకు రెండవ చదువుల పట్టణము కాకినాడ. 1904 మొదలు 1919 వఱకు రఘుపతి వేంకటరత్నము నాయుడుగారు పిఠాపురము రాజావారి కళాశాలకు అధ్యక్షులుగా నుండిరి. ఆ కాలమున గౌతమిని కోటిపల్లి రేవున పడవపై దాటి బండినో కాలినడకనో నమ్ముకొనవలసినదే. 1928లో కోటిపల్లికి రైలు వచ్చెను. 1940లో యుద్ధావసరములకై పట్టాలు పెఱికికొనిపోయిరి. అవి మరల పడుటకు 2004 రావలసివచ్చెను. ఎదుర్లంకవద్ద గౌతమిపై వంతెన 2002లో గాని కాలేదు. ఏటి వఱదలలో ఉత్తరమే రాని దినములలో తల్లికి కాకినాడయు కాశియు నొక్కటే.

వసతిగృహము పెరిగినకొలది అది తన సంసారమును తానే కల్పించుకొన్నది. మదరాసు క్రైస్తవ కళాశాల 1937లో తాంబరమునకు బోయినప్పుడు విద్యార్థులకై మూడు మందిరములు కట్టిరి. ప్రతిదానికిని దాని పేరు, దాని పండుగ, దాని పౌరుషము. శాంతినికేతనమున వసంతోత్సవమును, మొక్కలు నాటు వేడుకయు చదువులో భాగములైనవి. పేరడుగకుండ ఒక్క పంక్తిని కూర్చుండుట మన యిండ్లు నేర్పలేదు, వసతిగృహమే నేర్పినది. ఈ ఋణము మనము ఒప్పుకొనవలయును.

కాని యిల్లు నేర్పగలిగి కళాశాల నేర్పలేనిదియు నొకటున్నది. సంక్రాంతికి వచ్చిన క్రొత్త యల్లుని మఱదండ్రు ఏడిపింతురు. పీటక్రింద అప్పడములు పెట్టుదురు, చెప్పులు దాచుదురు. వాకిట నమ్మమ్మ కూర్చుండి చూచుచుండును గనుక హద్దు మీఱదు. కళాశాలలో క్రొత్తవాని నేడిపించు వేడుకకు అట్టి యమ్మమ్మ లేదు. అది క్రౌర్యమై, 1997లో ఆంధ్రప్రదేశమున దానిని నిషేధించుటకు చట్టమే చేయవలసివచ్చెను.

ఇక బండారులంకకు వత్తము. అమలాపురమునకు దాపుననున్న యీ గ్రామము నేతచీరలకు బేరుగన్నది. ఇచ్చట కుటుంబముతో గడుపు కాలమనగా అరుగుపై ముచ్చటలాడుట కాదు. తెల్లవాఱకమున్నే వీథిలో పడుగు సాగదీసి, గంజిపట్టించి, కుంచెతో దువ్వవలయును. అది యొక్కనిచేత నగు పని కాదు. ముసలివారు పోగు లతుకుదురు, ఆడువారు రాట్నముపై కండెలు చుట్టుదురు, మగవాడు గుంటలో దిగి నాడె యాడించును. వానపడిన పడుగు చెడును. ఒక కుఱ్ఱవాడు కళాశాలకు బోయెనన్న యింట రెండు చేతులు తగ్గినవన్నమాట. వానికి జీతము కట్టుట మాత్రమే గాక, వాడు చేయని పనిని ఇంకొకరు చేయవలయును. ఆ యింకొకరు సాధారణముగా వాని చెల్లెలు.

1951లో అమలాపురమున భానోజీ రామర్స్ కళాశాల తెఱవబడగా ఈ లెక్క కొంత మాఱినది. ఏరు దాటనక్కఱలేదు. ఉదయము పోయి సాయంకాలమునకు రాదగిన కళాశాల! దూరమునందలి వసతిగృహపు పంక్తిభోజనము వానికి దక్కకపోవచ్చును. ఇంటివారికి మాత్రము వాడు దక్కెను. ఈ రెంటిలో నేది మేలని నన్నడిగిన, చెల్లెలి నడిగి చెప్పుదుననెదను.

ఇప్పుడు చెల్లెండ్రును కళాశాలలకు బోవుచున్నారు, సంతోషము. పండుగకు ఇద్దఱును వత్తురు. కొడుకు కళాశాల వార్షికోత్సవపు ముచ్చట్లు చెప్పును, కూతురు తన మందిరపు పాటలు పాడును, తండ్రి మగ్గము నాపి వినును. తల్లి మాత్రము అరిసెల పాకము ముదురునని సగము విని లోనికి బోవును. సంవత్సరమంతయు ఆమె కోరుకొన్న మూడు దినములును పొయ్యియొద్దనే గడచును. ఈ యేడు ఏ యింటనైనను కొడుకు లేచి, ఆ గరిటె తానందుకొని, తల్లిని అరుగుపై గూర్చుండబెట్టెనా? అట్లైన కూతురు పాటను మొదటినుండి మరల నెత్తుకొనవలయును. తల్లి యింకను దానిని పూర్తిగా వినలేదు.