ఫైర్‌వాల్ లాగ్ ఆధారిత చర్యా నియమాలు

ఫైర్‌వాల్ తన గుండా సాగే రాకపోకలను లాగ్‌లో నమోదు చేస్తుంది. ఆ నమోదులను మరో ప్రోగ్రాం ఎప్పటికప్పుడు చదువుతూ, ముందే రాసిపెట్టిన షరతు నెరవేరగానే హెచ్చరిక పంపడం, ఐపీ చిరునామాను అడ్డుకోవడం వంటి పనులు చేస్తుంది. ఈ షరతులనే చర్యా నియమాలు అంటారు.

తొలి దశ

1980లలో మెయిల్ సర్వర్ ప్రోగ్రాం సెండ్‌మెయిల్ కోసం ఎరిక్ ఆల్‌మన్ తయారుచేసిన సిస్‌లాగ్ వల్ల వేర్వేరు యంత్రాల నమోదులు ఒకేచోట చేరే వీలు కలిగింది. ఆ దశాబ్దం చివర్లో ప్యాకెట్ ఫిల్టర్ ఫైర్‌వాల్‌లు వచ్చినా, లాగ్ చదవడం మనిషి పనిగానే మిగిలింది. అదీ చాలాసార్లు నష్టం జరిగాకే. 1993లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో స్టీఫెన్ హాన్సెన్, టాడ్ అట్కిన్స్ రూపొందించిన స్వాచ్ ఈ తీరు మార్చింది. లాగ్‌లోని వరుస ఇచ్చిన నమూనాకు సరిపోతే మెయిల్ పంపేది, లేదా ఒక ఆదేశాన్ని నడిపేది.

లెక్క, గడువు

ఒక్క వరుసను చూసి నిర్ణయిస్తే అనవసర హెచ్చరికలు పోటెత్తుతాయి. 2001లో ఎస్టోనియాకు చెందిన రిస్టో వారాండి రాసిన ఎస్‌ఈసీ, సంఘటనలను కాలవ్యవధిలో లెక్కించి కలిపి చూసింది. 2004లో సిరిల్ జాకియే మొదలుపెట్టిన ఫెయిల్2బ్యాన్ లాగిన్ వైఫల్యాలను లెక్కగట్టి ఫైర్‌వాల్‌కు నిరోధ నియమం జోడిస్తుంది. దాని ప్రస్తుత మూల అమరికలో 10 నిమిషాల్లో 5 వైఫల్యాలు నమోదైతే ఆ చిరునామాపై 10 నిమిషాల నిషేధం పడుతుంది. గడువు తీరగానే దానంతటదే తొలగుతుంది.

ఈ గడువు అవసరమే. మొబైల్ సంస్థలు ఒకే పబ్లిక్ చిరునామాను చాలామంది ఖాతాదారులకు పంచుతాయి. ఉదాహరణకు శ్రీకాకుళం జిల్లా కోటబొమ్మాళిలో వైరస్ సోకిన ఒక్క ఫోన్‌ను అడ్డుకోబోతే, అదే చిరునామా పంచుకునే టెక్కలి, పలాస వాసులకూ దారి మూసుకుపోవచ్చు. పైగా యూడీపీ పద్ధతిలో పంపే ప్యాకెట్లలో పంపినవారి చిరునామాను నకిలీ చేయడం తేలిక. దాడిచేసేవారు అలా నిరోధ నియమంతోనే అసలు వినియోగదారులను బయటకు నెట్టించగలరు. అందుకే నమ్మదగిన చిరునామాలకు మినహాయింపు జాబితా పెడతారు.

భారతదేశంలో

2021 మార్చిలో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ హెచ్చరిక అందగానే విద్యుత్ సరఫరా సంస్థ తెలంగాణ ట్రాన్స్‌కో అనుమానాస్పద ఐపీ చిరునామాలను అడ్డుకుంది. ఇక్కడ చర్యకు కదిలించింది సొంత లాగ్ కాదు, బయటి నుంచి వచ్చిన జాబితా. 2022 ఏప్రిల్ 28న సెర్ట్-ఇన్ జారీచేసిన ఆదేశాలు లాగ్‌లను 180 రోజులు భద్రపరచాలని, సైబర్ సంఘటనలను 6 గంటల్లోగా తెలపాలని చెప్పాయి. దీంతో చర్యను ప్రేరేపించే లాగ్‌కు, ఆ చర్య సబబో కాదో తేల్చే సాక్ష్యమనే పాత్ర కూడా దక్కింది.