గీత మిగిలింది, గొంతు?

లేపాక్షి వెళ్ళినప్పుడు మనం చేసేదేమిటి? వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చి చూస్తాం, పెద్ద బసవన్న దగ్గర ఫొటో దిగి హిందూపురం బస్సెక్కేస్తాం. ఈసారి వెళ్తే మండపంలో కాసేపు తల పైకెత్తి చూడండి.

అచ్యుతదేవరాయల కాలంలో పెనుకొండ అధికారి విరూపణ్ణ, ఆయన సోదరుడు వీరణ్ణ కట్టించిన గుడి అది. 16వ శతాబ్దపు చిత్రాలు పైకప్పంతా ఉన్నాయి. సున్నపు పూత మీద మట్టి రంగులు, వాటి చుట్టూ నల్లటి గీత. శివపార్వతుల పెళ్ళి బొమ్మలో ఎంతమంది ఆడవాళ్ళో! గళ్ళు, చారలు, పూలు, రకరకాల అంచులు. కట్టించినవాళ్ళ పేర్లు మనకు తెలుసు. ఈ ఆడవాళ్ళ పేర్లు తెలియవు, కట్టూ బొట్టూ మాత్రం ఆ గీతలో నిలిచిపోయాయి.

అలాంటి నల్ల గీతనే తోలు మీద చూడాలంటే పెనుకొండ మీదుగా ధర్మవరం వైపు వెళ్ళాలి. ధర్మవరం మండలంలోని నిమ్మలకుంట తోలుబొమ్మల ఊరు. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. మేకతోలును వెలుతురు దూరేంత పలచగా శుభ్రం చేసి, నల్ల సిరాతో బొమ్మ గీస్తారు. నగలు మెరవాల్సిన చోట ఉలితో చిన్న చిన్న రంధ్రాలు కొట్టి, రంగులద్దుతారు. ఈ పనిలో ఇంటిల్లిపాదీ ఉంటారు.

నన్ను ఆకట్టుకున్నది మరొకటి. వీధి భాగవతాల్లో ఆడవేషం కూడా మగవాళ్ళే కట్టిన రోజుల్లో, తోలుబొమ్మలాటలో సీతమ్మకు, మండోదరికి గొంతిచ్చింది ఆడవాళ్ళే. బంగారక్క వేళాకోళాలూ వాళ్ళవే. తెర వెనుక తల్లి పాడుతుంటే పక్కనున్న బిడ్డకు ఆ పాట పట్టుబడేది. కోడలు అత్త దగ్గర నేర్చేది. పుస్తకం లేదు, బడి లేదు. రాత్రంతా ఆట చూసిన ఊరికి ఆ గొంతే తెలుసు, మనిషి కనబడదు.

ఇప్పుడు ఆటలు తగ్గాయి. దీపాల గుడ్డలకు బదులు తోలు లాంప్‌షేడ్లు, గోడ బొమ్మలు అమ్ముడవుతున్నాయి. సంతోషమే, దానివల్ల నాలుగు కుటుంబాలు తింటున్నాయి, గీత బతికింది. కానీ లాంప్‌షేడుకు పాట అక్కర్లేదు కదా! సీతమ్మ బొమ్మ గీయడం కూతురికి వస్తుంది, సీతమ్మ ఏడుపు పాడడం ఎవరికి వస్తుంది?

మన ఇళ్ళలోనూ ఇదే వరస. మా అవ్వ ధర్మవరం పట్టుచీర బీరువాలో భద్రంగా ఉంది. ఆమె విసురురాయి దగ్గర పాడిన పాటల్లో మా అమ్మకు గుర్తున్నవి రెండే. వాటిని మొన్న ఫోనులో రికార్డు చేశాను, మధ్యలో కుక్కర్ విజిల్ కూడా పడింది. ఉండనీ అనుకున్నాను.

మీ అమ్మకో అత్తకో ఒక్క పాటైనా వచ్చే ఉంటుంది. చీరలు తర్వాతైనా పంచుకోవచ్చు, ముందు పాట అడగండి.