విధ్రువణకారి
'''విధ్రువణకారి''' లేదా '''డీపోలరైజర్''' అనగా ధ్రువణం చెందిన కాంతి యొక్క ధ్రువణ స్థితిని చెదరగొట్టే దృశా పరికరం. ఆదర్శ విధ్రువణకారి నుండి పూర్తిగా అధ్రువిత కాంతి వెలువడాలి. ఆచరణలో ఉన్న పరికరాలు ఇందుకు దగ్గరగా మాత్రమే రాగలవు.

== ఏకవర్ణ కాంతితో సమస్య ==
క్వార్ట్జ్ వంటి ద్వివక్రీభవన స్ఫటికంలో కాంతి, పరస్పరం లంబంగా ధ్రువితమైన రెండు భాగాలుగా వేర్వేరు వేగాలతో ప్రయాణిస్తుంది. అందువలన వాటి మధ్య దశాభేదం ఏర్పడుతుంది. ఇది స్ఫటికం మందంపైన, కాంతి తరంగదైర్ఘ్యంపైన ఆధారపడుతుంది.

ఫ్రెంచి ఖగోళ శాస్త్రవేత్త బెర్నార్డ్ లియో (1897–1952) పేరిట ఉన్న లియో డీపోలరైజర్‌లో రెండు ఫలకాలుంటాయి. ఒకదాని మందం రెండవదానికి రెట్టింపు. వాటి అక్షాల మధ్య కోణం 45°. ఇందులో ఒక్కొక్క తరంగదైర్ఘ్యం ఒక్కొక్క ధ్రువణ స్థితిని పొందుతుంది కనుక తెల్లని కాంతి సగటున విధ్రువితమవుతుంది. లేసర్ వంటి ఏకవర్ణ కాంతిలో తరంగదైర్ఘ్యం ఒక్కటే కాబట్టి ధ్రువణ స్థితి కూడా ఒక్కటిగానే మిగులుతుంది. కనుక ఏకవర్ణ కాంతికి ధ్రువణాన్ని కిరణపుంజం అడ్డుకోతలో చోటును బట్టి గాని, కాలాన్ని బట్టి గాని మార్చవలసి ఉంటుంది.

== రకాలు ==
* '''కోర్న్యూ డీపోలరైజర్''': ఫ్రెంచి భౌతిక శాస్త్రవేత్త ఆల్ఫ్రెడ్ కోర్న్యూ (1841–1902) పేరిట ప్రసిద్ధం. రెండు 45° క్వార్ట్జ్ పట్టకాలను దిమ్మెగా జతపరుస్తారు. వాటి అక్షాలు ఒకదానికొకటి లంబంగా ఉంటాయి. కిరణం ప్రవేశించే ఎత్తును బట్టి రెండు పట్టకాలలో అది దాటే మందాలు మారుతాయి కనుక దశాభేదం కూడా మారుతుంది.
* '''వెడ్జ్ డీపోలరైజర్''': సన్నని చీలవంటి క్వార్ట్జ్ పట్టకానికి సిలికా గాజు పట్టకాన్ని జోడిస్తారు. సిలికా గాజుకు ద్వివక్రీభవనం లేదు. క్వార్ట్జ్ వలన కిరణం వంగిపోకుండా సరిచేయడమే దాని పని.
* '''కాలానుగుణ డీపోలరైజర్''': తిరుగుతున్న అర్ధతరంగ ఫలకం సమతల ధ్రువిత కాంతి యొక్క ధ్రువణ తలాన్ని నిరంతరం తిప్పుతుంది. కొలత కాలం భ్రమణ కాలం కంటే చాలా ఎక్కువైతే కాంతి అధ్రువితంగా కనిపిస్తుంది.

== ఉదాహరణ ==
క్వార్ట్జ్ ద్వివక్రీభవనం సుమారు 0.009. చీల కోణం 2° అయితే, 632.8 నానోమీటర్ల హీలియం-నియాన్ లేసర్ కాంతిలో ధ్రువణ స్థితి సుమారు 2 మిల్లీమీటర్లకు ఒకసారి పునరావృతమవుతుంది. కాబట్టి కిరణపుంజం వెడల్పు దీనికి కొన్ని రెట్లుండాలి. 45° కోర్న్యూ పరికరంలో ఈ దూరం సుమారు 35 మైక్రోమీటర్లు మాత్రమే.

== పరిమితులు ==
ఈ పరికరాల నుండి వెలువడే కాంతి ప్రతి బిందువు వద్ద ధ్రువితంగానే ఉంటుంది. మొత్తం పుంజపు సగటు మాత్రమే అధ్రువితం. అలాగే స్ఫటిక అక్షం వెంబడి సమతల ధ్రువణం చెందిన కాంతి మార్పు లేకుండా బయటికి వస్తుంది. అందుచేత అక్షాన్ని ధ్రువణ తలానికి 45° కోణంలో అమర్చుతారు.

== ఉపయోగాలు ==
వర్ణపటమాపకంలోని వివర్తన గ్రేటింగ్ సామర్థ్యం కాంతి ధ్రువణాన్ని బట్టి మారుతుంది. వాతావరణంలో పరిక్షేపణ చెందిన సూర్యకాంతి పాక్షికంగా ధ్రువితం కావడంతో కొలతలలో దోషం ఏర్పడుతుంది. దీనిని తగ్గించుటకు, 2004లో ప్రయోగించిన ఆరా ఉపగ్రహంలోని ఓజోన్ మానిటరింగ్ ఇన్‌స్ట్రుమెంట్‌లో విధ్రువణకారిని అమర్చారు.