సుద్దపొడి నుంచి యూ బెరడు దాకా

1903 మార్చిలో వార్సాలో రష్యన్ వృక్షశాస్త్రవేత్త మిహయిల్ త్స్వెత్ తన సాటి ప్రకృతి శాస్త్రజ్ఞులకు ఒక సంగతి వివరించాడు. ఆకుల రంగుల్ని ద్రావణిలోకి దించి ఏదైనా పొడి మీదుగా పారిస్తే, కొన్ని ఆ రేణువుల ఉపరితలాన్ని గట్టిగా అంటుకుంటాయి, కొన్ని వదులుగా. ఇదే అధిశోషణం. 1906 నాటికి పద్ధతి కుదిరింది. గాజు గొట్టంలో సుద్దపొడి దట్టించి, ఆకుల సారం పోసి, వెంట కార్బన్ డైసల్ఫైడ్ వదిలితే ఒకే పచ్చదనం పట్టీలుగా విడిపోయింది. పై భాగంలో పసుపు కలిసిన ఆకుపచ్చ క్లోరోఫిల్ బి, దాని కింద నీలిపచ్చ క్లోరోఫిల్ ఎ, ఆ కింద పసుపు రంగులు. కెరోటిన్ మాత్రం ఎక్కడా ఆగకుండా బయటికి జారిపోయింది.

అసలు విద్యంతా పొడి ఎంపికలోనే ఉంది. త్స్వెత్ వందకు పైగా పొడులు పరీక్షించాడు. మరీ బలంగా పట్టే పొడి పట్టినదాన్ని వదలదు, ఒక్కోసారి చెడగొడుతుంది కూడా. అందుకే సుద్ద, పంచదార, ఇన్యులిన్ లాంటి నెమ్మదస్తుల వైపు మొగ్గాడు.

క్లోరోఫిల్ పరిశోధనకు 1915లో నోబెల్ అందుకున్న రిచర్డ్ విల్‌స్టాటర్‌కి ఈ గొట్టం మీద నమ్మకం కుదరలేదు. పదార్థం అందులోనే పాడవుతోందని ఆయన అనుమానం. అనుమానం పూర్తిగా తప్పేమీ కాదు, పొడి సరైనది కాకపోతే అలాగే జరుగుతుంది. 1919లో త్స్వెత్ వొరోనెజ్‌లో కన్నుమూసేనాటికి రసాయన శాస్త్రవేత్తలు ఈ పద్ధతిని దాదాపు పక్కన పెట్టేశారు. తమాషా ఏమిటంటే, త్స్వెత్ రష్యన్ పుస్తకానికి విల్‌స్టాటరే చేయించుకున్న జర్మన్ అనువాదం, ఆయన శిష్యుడు రిచర్డ్ కూన్ ద్వారా ఎడ్గార్ లెడరర్ చేతికొచ్చింది. 1931లో హైడెల్‌బర్గ్‌లో వాళ్లు క్యారట్ కెరోటిన్‌ను అల్యూమినా మీద ఆల్ఫా, బీటాలుగా విడదీశారు. 1831లో వాకెన్‌రోడర్ కనిపెట్టిన నాటి నుంచి ఒక్కటిగా చలామణీ అయిన పదార్థం అది.

ఆ తర్వాత గొట్టంలో నింపే పొడిగా సిలికా జెల్ ప్రయోగశాలల్లో రోజువారీ సరుకైంది.

అడవిచెట్టు పెట్టిన పరీక్ష మాత్రం వేరు. 1962లో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో సేకరించిన పసిఫిక్ యూ చెట్టు బెరడు నుంచి మన్రో వాల్, మన్సుఖ్ వాణి టాక్సాల్ అనే క్యాన్సర్ మందును వేరుచేసి, 1971లో దాని నిర్మాణాన్ని ప్రకటించారు. 12 కిలోల ఎండు బెరడుకు దక్కింది అర గ్రాము. అదీ ప్రధానంగా, ఒకదానితో ఒకటి కలవని ద్రవాల మధ్య పదేపదే పంచగా పంచగా. బెరడు ఒలిస్తే చెట్టు చచ్చిపోతుంది. 1992లో అండాశయ క్యాన్సర్ చికిత్సకు టాక్సాల్‌కు అనుమతి వచ్చేసరికి ఈ లెక్క అందరికీ గుబులు పుట్టించింది.

ఆ రోజుల్లోనే ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో కొప్పాక వి. రావు (ఇంటిపేరు దగ్గర తెలుగు పాఠకుడు కాస్త ఆగుతాడు) సిలికా రేణువులకు 18 కార్బన్ల గొలుసులు తగిలించిన పొడిని వాడాడు. నీటిలో కరగడానికి మొరాయించే అణువులను అది పట్టుకుంటుంది. నీళ్లలో అసిటోనైట్రైల్ అనే ద్రావణి పాలు మెల్లగా పెంచుతూ పోతే టాక్సాల్, దాని సోదర పదార్థాలు ఒకదాని వెనక ఒకటి దిగివచ్చి, సేకరించిన పాత్రల్లోనే స్ఫటికాలు కట్టాయి.

అయినా యూ చెట్టును కాచింది ఈ గొట్టం కాదు, ఆకులు. పియర్ పొటియే బృందం ఫ్రాన్స్‌లో 1980లలోనే యూరప్ యూ ఆకుల నుంచి టాక్సాల్‌కు ముడిసరుకయ్యే పదార్థాన్ని తీసింది. కొమ్మలు కత్తిరించినా ఆ చెట్టు మళ్లీ చిగురిస్తుంది. 1990ల మధ్య నుంచి మందు తయారీ ఆ దారికే మళ్లింది.